బాత్రూంలో ఇద్దరు పట్టాలి

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్నే మా పెద్దాడు హైదరాబాదు నుంచి ఫోన్లో ఒక ఫొటో పంపాడు. తెల్లగా, నున్నగా మెరిసిపోతున్న బాత్‌టబ్బు. కింద ఒక ముక్క రాశాడు. "అమ్మా, కొత్త బాత్రూంలో ఇది పెట్టిద్దాం. ఖర్చు నాది."

మాది సఖినేటిపల్లిలో పాత పెంకుటిల్లు. వెనక పెరటివైపు ఒక గది, దానికి కలిపి ఒక బాత్రూం కడుతున్నాం. లోపలి కొలత ఎనిమిది అడుగులు, అయిదున్నర అడుగులు. ఇంకా ప్లాస్టరింగు కూడా అవ్వలేదు, అప్పుడే దానిమీద ఇంట్లో రెండు పార్టీలు తయారయ్యాయి. టబ్బు కావాలని మావాడు. "మనవడు ఆడుకుంటాడు, నీ మోకాళ్ళకి వేడినీళ్ళ కాపడం అవుతుంది, మేమొచ్చినప్పుడు మాకూ బావుంటుంది" అంటాడు. టబ్బూ వద్దు, గిబ్బూ వద్దు, పైన ఒక షవరు బిగించేస్తే చోటూ కలిసొస్తుంది, డబ్బూ కలిసొస్తుందని మావారు.

వారంరోజులు తండ్రీకొడుకులు ఫోన్లో వాదించుకున్నారు. ఆ బాత్రూంలో రోజూ స్నానం చేసేదెవరు, చేయించేదెవరు అని మాత్రం ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. ఆ గది కడుతున్నది ఎనభై రెండేళ్ళ మా అత్తయ్యగారి కోసం. చేయించేది నేను. అందుకే ఈసారి నా మాట నేను చెప్పదలుచుకున్నాను. మీలో ఇల్లు కట్టుకుంటున్నవాళ్ళు, బాత్రూం బాగుచేయించుకుంటున్నవాళ్ళు ఉంటే ఒక్కసారి వినండి.

మా చిన్నతనంలో కోనసీమ ఇళ్ళల్లో బాత్రూం అనే మాటే లేదు. పెరట్లో నుయ్యి, దాని చుట్టూ నూతిపళ్ళెం. పక్కన సిమెంటు గాబు. ఆడవాళ్ళకి కొబ్బరాకుల దడి. ఓ మూల పొయ్యిమీద రాగి కాగు, దాని కింద కొబ్బరి డొక్కలూ ఎండు మట్టలూ. పీట వేసుకుని కూర్చుని, గాబులోంచి చెంబుతో ముంచుకుని పోసుకునేవాళ్ళం. ఆ నీళ్ళు అటునుంచి అటే అరటి పాదుల్లోకి వెళ్ళిపోయేవి. గాబులో ఎవరైనా కాలు పెడితే చంపేసేవారు. మొహం కడుక్కున్న చేయి ముంచినా తిట్లే.

అలాగని నీళ్ళల్లో మునగడం తెలియని వాళ్ళమా? కాలవలో ఈదాం, వశిష్ఠ గోదావరి రేవులో మునిగాం, అంతర్వేది తీర్థానికెళ్ళి సాగరసంగమంలో మూడు మునకలు వేశాం. 2015 పుష్కరాల్లో మా ఇంటిల్లిపాదీ మునిగి వచ్చింది. కానీ ఆ మునక వేరు, ఒంటి మట్టి వదిలించుకునే స్నానం వేరు. గోదాట్లో సబ్బు రాయకూడదని మా అమ్మమ్మ నెత్తీ నోరూ కొట్టుకునేది. పారే నీళ్ళల్లో మునగాలి, పోసుకున్న నీళ్ళతో శుభ్రపడాలి, ఇదీ మన లెక్క.

టబ్బుల దేశం అనుకునే జపానులో కూడా దాదాపు ఇదే పద్ధతట. వాళ్ళ ఇళ్ళల్లో లోతైన వేడినీళ్ళ తొట్టె ఉంటుంది కానీ అందులో సబ్బు రాసుకోరు. ముందు బయట ఒక చిన్న పీటమీద కూర్చుని, చెంబులాంటి గిన్నెతోనో చేతి షవరుతోనో ఒళ్ళంతా కడుక్కుంటారు. ఆ తర్వాతే తొట్టెలోకి దిగి కాసేపు ఊరుకుంటారు. అందుకే ఒకసారి నింపిన నీళ్ళల్లో ఇంట్లోవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు దిగగలుగుతారు. అది చదివినప్పుడు నాకు మా నూతిపళ్ళెమే గుర్తొచ్చింది. ఒళ్ళు రుద్దుకోవడానికి అక్కడా పీటే, ఇక్కడా పీటే.

ఇంకో సంగతి. మన ఇళ్ళల్లో స్నానం అనేది ఎవరి మటుకు వాళ్ళు చేసేసుకునే పని కాదు, ఒకరు చేయిస్తే ఇంకొకరు చేసేది. పుట్టిన పిల్లని కాళ్ళు బారజాపుకుని కూర్చుని, ముంగాళ్ళమీద పడుకోబెట్టి నీళ్ళు పోస్తాం. బాలింతకి పెద్దావిడ ఎవరో ఒకరు పోస్తారు. భోగినాడు, దీపావళినాడు పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి నలుగు పెట్టి తలంటుతాం. పెళ్ళికూతుర్ని చేసినప్పుడు పీటమీద కూర్చోబెట్టి అందరం తలా చెంబూ పోస్తాం. చివరికి మంచాన పడ్డవాళ్ళకి కూడా ఒకళ్ళు పట్టుకుంటే ఒకళ్ళు పోస్తాం. ఎప్పుడు చూసినా ఆ చోట ఇద్దరుంటారు. ఒకరు కూర్చుని, ఒకరు నించునో వంగునో.

మరి మనం కట్టుకునే బాత్రూములు? ఒక్కరు నించోవడానికే చాలీచాలకుండా ఉంటాయి.

ఈ సంగతి నాకు పుస్తకాల్లో తెలియలేదు. రెండేళ్ళ కిందట కార్తీకమాసంలో తెలిసింది.

మా అత్తయ్యగారికి కార్తీకమాసం నెలరోజులూ తెల్లారగట్ల తలస్నానం చెయ్యకపోతే తోచదు. ఆరోజూ నాలుగింటికే లేచి వెళ్ళారు. నేను కాఫీ డికాషన్ వేస్తుంటే దబ్బుమని చప్పుడైంది. ఆ తర్వాత ఒక మూలుగు. పరిగెత్తుకెళ్ళి తలుపు తోస్తే రావట్లేదు. లోపల గడియ పెట్టుకున్నారు. పైగా మా పాత బాత్రూం తలుపు లోపలికి తెరుచుకునేది. ఆవిడ సరిగ్గా తలుపుకి అడ్డంగా పడిపోయారు. గట్టిగా తోస్తే ఆవిడకే దెబ్బ. చివరికి పక్కింటి కుర్రాణ్ణి లేపి, వెంటిలేటరు అద్దాలు తీసి లోపలికి దింపితే గడియ తీశాడు. ఆ పావుగంటా తలుపు ఇవతల నించుని "అత్తయ్యా, వచ్చేస్తున్నాం, కదలకండి" అంటూనే ఉన్నాను. ఆవిడ మాత్రం "నా చీర సరిగ్గా ఉందో లేదో, ఆ కుర్రాణ్ణి కళ్ళు మూసుకుని దిగమను" అన్నారు. ఆ నొప్పిలో కూడా ఆవిడ బాధ అదీ.

చించినాడ వంతెన దాటించి భీమవరం తీసుకెళ్ళాం. తుంటి ఎముక విరిగిందన్నారు. ఆపరేషను చేసి లోపల రాడ్డు వేశారు.

ఇక్కడ ఒక నిజం చెప్పుకోవాలి. ఆ బాత్రూంలో నున్నటి మెరిసే టైల్స్ వేయించింది నేనే. అంతకు అయిదేళ్ళ ముందు మావారు గరుకు రాయి చాలన్నారు. షాపులో ఆ మెరుపు చూసి నేనే పట్టుబట్టాను. "తుడిస్తే అద్దంలా ఉంటుంది" అని మా చెల్లికి ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాను. తడిసిన అద్దం మీద ఎనభై ఏళ్ళ మనిషి ఎలా నడుస్తుందని నాకు తట్టలేదు. అత్తయ్యగారు ఇవాళ్టికీ ఆ మాట నాతో అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువగా గుచ్చుకుంటుంది.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు లెండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం జారిపడో, తూలిపడో ఏటా సుమారు 6,84,000 మంది చనిపోతున్నారు. ప్రాణాపాయం తప్పినవాళ్ళల్లో కూడా, అరవై దాటినవాళ్ళు ఒకసారి పడితే మళ్ళీ మునుపటిలా లేచి తిరగడం చాలా కష్టం. ఇంట్లో నీళ్ళూ, సబ్బూ, నున్నటి నేలా కలిసే చోటు ఏదో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇంటికొచ్చాక అసలు పరీక్ష మొదలైంది. మా పాత బాత్రూం నాలుగున్నర అడుగులు, మూడున్నర అడుగులు. అందులో ప్లాస్టిక్ కుర్చీ వేసి ఆవిణ్ణి కూర్చోబెడితే ఇక నాకు చోటు లేదు. ఒక కాలు లోపల, ఒక కాలు గుమ్మం బయట పెట్టి, నడుం వంకర తిప్పుకుని నీళ్ళు పోసేదాన్ని. తలుపు వెయ్యడానికి లేదు. బయట అడ్డంగా పాత దుప్పటి కట్టుకున్నాం. కొళాయి నించున్నవాళ్ళ ఎత్తులో ఉంది. ఆవిడ చేతికి అందదు. షవరు తిప్పితే నీళ్ళు నేరుగా మొహాన పడి ఊపిరాడక గాభరా పడేవారు. పట్టుకోవడానికి గోడకి ఏమీ లేదు. సబ్బు పెట్టుకునే ప్లాస్టిక్ గూడు పట్టుకుని ఒకసారి లేవబోతే అది ఊడి చేతికొచ్చింది.

మొదట్లో ఇద్దరం మాట్లాడుకునేవాళ్ళం కాదు. ఆవిడ ఒంటిమీద చీర తియ్యనిచ్చేవారు కాదు, చీరమీదే పోసేదాన్ని. కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చునేవారు. నా రెండో పురుడు ఈ ఇంట్లోనే అయ్యింది. అప్పుడు నాకూ, నా బిడ్డకీ నెలరోజులు నీళ్ళు పోసిన మనిషి ఆవిడే. నాకా రోజు సిగ్గు లేదు, ఆవిడకి ఈరోజు ఎందుకో అనుకునేదాన్ని. పొయ్యడం వేరు, పోయించుకోవడం వేరని తర్వాత అర్థమైంది.

ఒకరోజు నడుం పట్టేసి ఉంది. వంగి పోస్తూ పోస్తూ "కాస్త ఇటు తిరగండి అత్తయ్యా, నేనెంతకని వంగను" అని విసుక్కున్నాను. ఆవిడ ఏమీ అనలేదు. మర్నాడు నేను నీళ్ళు తోడుతుంటే "ఇవాళ వద్దులే అమ్మాయ్, ఒళ్ళు వెచ్చగా ఉంది" అన్నారు. చేయి పెట్టి చూస్తే చల్లగానే ఉంది. ఆ మర్నాడు "రేపు పోసుకుంటాలే" అన్నారు. కార్తీకమాసంలో నాలుగింటికి లేచి తలస్నానం చేసే మనిషి, కోడల్ని కష్టపెట్టకూడదని మూడురోజులు స్నానం మానేశారు.

ఆరోజే అనుకున్నాను, ఈసారి బాత్రూం కడితే నేను చెప్పినట్టు కట్టాలని. డబ్బు కూడటానికి రెండేళ్ళు పట్టింది. తీరా కట్టేవేళకి ఈ టబ్బు, షవరు గొడవ.

టబ్బు సంగతి ముందు చూద్దాం. అయిదున్నర అడుగుల పొడవూ, రెండున్నర అడుగుల వెడల్పూ దానికే పోతే మిగిలేది కమోడూ, దాని ముందు కాస్త ఖాళీ. దాని గోడ ఎత్తు మోకాలికి దగ్గరగా ఉంటుంది. తుంటిలో రాడ్డున్న మనిషి ఒంటికాలిమీద నించుని, ఇంకో కాలు ఆ గోడ మీదుగా ఎత్తి, జారే నేలమీద పెట్టాలి. దిగడం ఒక ఎత్తయితే లేవడం పది ఎత్తులు. అత్తయ్యగారి సంగతి వదిలేయండి, యాభై ఆరేళ్ళ నా మోకాళ్ళతో నేనే లేవలేను. కాపడం కోసం దిగి, లేవలేక మావారిని కేకేస్తే ఆ పరువెక్కడ దాచుకోను?

తర్వాత నీళ్ళు. ఒక మాదిరి టబ్బు నిండాలంటే 150 లీటర్ల పైమాటే. మేము బకెట్టూ మగ్గుతో తీరిగ్గా పోసుకున్నా మనిషికి రెండు బకెట్లు, అంటే 35, 40 లీటర్లు. కేంద్రం 2019లో మొదలుపెట్టిన జల్ జీవన్ మిషన్‌లో పల్లెటూళ్ళో మనిషికి రోజుకి ఇవ్వాలనుకున్నదే 55 లీటర్లు. తాగడానికీ, వండడానికీ, ఉతకడానికీ, తోమడానికీ అన్నిటికీ కలిపి. ఒక్కసారి టబ్బు నింపితే దాదాపు ముగ్గురి ఒకరోజు నీళ్ళు అందులో పడుకుంటాయి.

కోనసీమలో నీళ్ళకి కరువేమిటి, చుట్టూ నీళ్ళేగా అంటారు బయటివాళ్ళు. మా ఊరు వచ్చి చూడండి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ డెల్టా అంతా కాలవల మీదే బతుకుతోంది. మేము ఆ కాలవల కొసన ఉన్నాం. పైన అందరూ వాడుకున్నాక మాకు. ఎండాకాలం కాలవలు కట్టేస్తే చెరువుల్లో నిల్వ చేసిన నీళ్ళతో రోజులు నెట్టుకురావాలి. బోరు వేస్తే సముద్రం దగ్గర కాబట్టి ఉప్పునీళ్ళు. సబ్బు నురగ రాదు, జుట్టు పీచులా అవుతుంది. వేసవిలో మంచినీళ్ళు బిందెల లెక్కన చూసుకునే ఇంట్లో టబ్బు పెట్టుకుంటే, అందులో పడుకునే రోజులకంటే దాంట్లో బట్టలు నానబెట్టే రోజులే ఎక్కువ ఉంటాయి.

వేడినీళ్ళ లెక్క కూడా ఉంది. మా గీజరు 15 లీటర్లది. ఒకసారి కాగిన నీళ్ళకి చన్నీళ్ళు కలిపితే రెండు బకెట్లు వస్తాయి. టబ్బు నిండాలంటే నాలుగైదుసార్లు కాగాలి. అయిదోసారి కాగేలోపు మొదట పోసినవి చల్లారిపోతాయి.

ఇంక కడగడం. మా వీధిలో కువైట్‌లో పదకొండేళ్ళు ఇంటిపని చేసి వచ్చిన అక్క ఒకావిడ ఉంది. మా సఖినేటిపల్లి, మలికిపురం, రాజోలు వైపునుంచి ఇలా గల్ఫుకి వెళ్ళిన ఆడవాళ్ళు వీధికొకరైనా ఉంటారు. ఆవిణ్ణి అడిగాను, "అక్కా, టబ్బు పెట్టుకోమంటావా?" అని. పకపకా నవ్వింది. "రోజుకి మూడు టబ్బులు తోమేదాన్ని. సగం లోపలికి వంగి తోమాలి. ఆ అంచుకి పట్టే జిడ్డు చారికలు నాకు ఇప్పటికీ కల్లోకొస్తాయి. నేను పంపిన డబ్బులతో కట్టిన ఇంట్లో ఏం పెట్టానో వచ్చి చూడు" అంది. వెళ్ళి చూశాను. గరుకు నేల, ఒక బకెట్టు, ఒక ఎత్తు స్టూలు. అంతే. టబ్బు కావాలని చెప్పేవాళ్ళకీ, దాన్ని తోమేవాళ్ళకీ మధ్య ఉన్న దూరం ఆవిడ నవ్వులో వినపడింది నాకు.

షవరు మాటేమిటంటారా? దాన్ని నేను తీసిపారెయ్యను. తలస్నానానికి హాయిగా ఉంటుంది, చోటు అక్కర్లేదు. ఉద్యోగాలకి పరిగెత్తేవాళ్ళకి టైము కలిసొస్తుంది. నీళ్ళు మాత్రం తక్కువ అవుతాయనుకోవద్దు. అమెరికాలో కొత్త షవర్లకి నిమిషానికి తొమ్మిదిన్నర లీటర్లకి మించకూడదని చట్టమే ఉంది. ఆ లెక్కన పదినిమిషాలు తిప్పి వదిలేస్తే బకెట్టు స్నానానికి రెండింతల పైనే. మా ఉప్పునీళ్ళకి దాని కన్నాలు ఆర్నెల్లకే పూడుకుపోతాయి. విప్పి వెనిగర్‌లో నానబెట్టుకోవాలి. పసిపిల్లలకీ ముసలివాళ్ళకీ పైనుంచి ఒక్కసారిగా పడే నీళ్ళు భయం. అన్నిటికంటే ముఖ్యం, షవరు మనిషిని నించోమంటుంది. నించోలేనివాళ్ళ సంగతి దానికి పట్టదు.

కరెంటు లేకపోతే ట్యాంకు లేదు, ట్యాంకు లేకపోతే షవరు లేదు. 1996 నవంబరు 6 తుపాను తర్వాత మాకు ఎన్నాళ్ళో కరెంటు లేదు. చెట్లన్నీ పడిపోయి, కొబ్బరితోటలు నేలమట్టమై, ఊరు గుర్తుపట్టలేకుండా ఉంది. ఆ రోజుల్లో మమ్మల్ని శుభ్రంగా ఉంచింది చేతిపంపూ, గాబూ, చెంబూ. అందుకే కొత్త బాత్రూం బయట చిన్న గాబు కూడా కట్టిస్తున్నాను.

ఇంతవరకూ నా వాదన బాగానే ఉందనుకున్నాను. ఇంతలో మా కోడలు ఫోన్ చేసింది.

"అత్తయ్యా, ఆ టబ్బు అడిగింది ఆయన కాదు, నేను" అంది.

నేను ఒక్కక్షణం ఏమనాలో తెలియక ఊరుకున్నాను. తనే చెప్పింది. "పోయినేడాది ఆఫీసు పనిమీద బెంగుళూరు వెళ్ళినప్పుడు హోటల్ రూంలో టబ్బు ఉందత్తయ్యా. వేడినీళ్ళు నింపుకుని అరగంట పడుకున్నాను. బాబు పుట్టాక నన్నెవరూ పిలవని అరగంట అదొక్కటే. ఇంట్లో స్నానానికి వెళ్తే నీళ్ళు పడే చప్పుడు ఆగగానే తలుపు కొడతారు. టబ్బులో కూర్చుంటే ఇంకా స్నానం చేస్తున్నట్టే కదా, ఎవరూ కొట్టరు అనిపించింది."

దీనికి నా లీటర్ల లెక్కలు జవాబు కావు. నాకు నా కొత్తకాపురం గుర్తొచ్చింది. పన్నెండుమంది ఉన్న ఇల్లు. సాయంత్రం దీపాలవేళ దడి చాటున స్నానానికి వెళ్ళినప్పుడు మాత్రమే నేను నాకు దొరికేదాన్ని. ఆఖరి చెంబు పోసుకున్నాక కూడా ఊరికే చెంబుతో గాబులో నీళ్ళు కదిలిస్తూ కూర్చునేదాన్ని, చప్పుడు వినపడాలని. ముప్ఫై ఏళ్ళ తర్వాత నా కోడలు కూడా అదే నీళ్ళ చప్పుడు చాటున దాక్కుంటోంది.

తనతో అన్నాను, "అమ్మా, నీకు కావాల్సింది ఆ అరగంట. అది టబ్బు ఇవ్వదు. టబ్బులో ఉన్నా మనవాళ్ళు నాలుగురోజులు పోయాక తలుపు కొట్టడం నేర్చుకుంటారు. బాబుని ఎవరో ఒకరు పట్టుకుంటేనే నీకది వస్తుంది. ఇక్కడికొచ్చినప్పుడు నేను పట్టుకుంటాను, నువ్వు గంటసేపు పోసుకో. అక్కడ మాత్రం మావాడు పట్టుకోవాలి. ఆ మాట నేను వాడికి చెప్తాను." చెప్పాను కూడా. వాడు కాసేపు నసిగి "సరేలే అమ్మా" అన్నాడు. చేస్తున్నాడో లేదో వచ్చేనెల కనుక్కుంటాను. రేపు వాళ్ళు సొంత ఫ్లాటు కొనుక్కుని, అక్కడ నీళ్ళుండి, చోటుండి, టబ్బు పెట్టుకుంటానంటే నాకేమీ అభ్యంతరం లేదు. ఉన్న ఒక్క బాత్రూంలో, ఇంట్లో అందరికంటే బలహీనమైన మనిషిని బయట పెట్టి మాత్రం పెట్టుకోకూడదు.

ఇంతకీ నేను ఏం చేయిస్తున్నానో చెప్తాను.

గుమ్మం వెడల్పు మూడడుగులు, వాకర్ పట్టేలా. గడప లేదు. నీళ్ళు బయటికి రాకుండా నేలే లోపలికి వాలుగా పోయిస్తున్నాం. తలుపు బయటికి తెరుచుకుంటుంది. గడియ లోపల ఉంటుంది కానీ అవసరమైతే బయటినుంచి కూడా తీసేరకం. నేలకి గరుకు టైల్స్. షాపులో వాటిమీద నీళ్ళు పోయించి, చెప్పులు విప్పి నడిచి చూసి మరీ తీసుకున్నాను. షాపతను నవ్వాడు, నవ్వనీ.

కమోడు పక్కన ఒకటి, స్నానం చేసేచోట ఒకటి, రెండు స్టీలు కడ్డీలు. టవలు ఆరేసుకునే కడ్డీలు కాదు, మనిషి బరువు ఆగేవి. టైల్స్ అతికించాక కన్నం పెడితే గట్టిగా ఉండవని ముందే గోడలో దిట్టంగా కట్టమన్నాను. గోడవారన ఒక అరుగు, కుర్చీ ఎత్తు, రెండడుగుల వెడల్పు. దాని పక్కన, కూర్చున్న చేతికి అందేంత ఎత్తులో వేడినీళ్ళ కొళాయి, చన్నీళ్ళ కొళాయి. గొట్టం ఉన్న చేతి షవరు ఒకటి, కొక్కేనికి తగిలిస్తే మావారికి నించుని చేసే షవరు, చేతిలోకి తీసుకుంటే అత్తయ్యగారికి మొహంమీద పడకుండా భుజాలమీద పోసే షవరు. అరుగు ముందు నేను పీట వేసుకుని కూర్చుని ఆవిడ కాళ్ళు రుద్దడానికి మూడడుగుల ఖాళీ. ఆ ఖాళీ కోసమే ఇంత యుద్ధం.

అరుగు పక్కన ఒక కాలింగ్‌బెల్ స్విచ్చి. వంటింట్లో మోగుతుంది. వాడిన నీళ్ళు గొట్టంలోంచి అరటిచెట్లకి. మనవడికి టబ్బు కావాలన్నారుగా, వాడికి ఒక పెద్ద ప్లాస్టిక్ టబ్బు కొన్నాను. పెరట్లో కొబ్బరిచెట్టు నీడలో రెండు బకెట్లు పోస్తే వాడికి అదే గోదావరి.

ఇవన్నీ కలిపినా మావాడు పంపిన ఫొటోలో టబ్బు ధరలో సగం కాలేదు.

ఇంటి ప్లాను గీసేటప్పుడు ఈశాన్యం ఎక్కడ, సింహద్వారం ఎటు, మెట్లు ఎటు తిరగాలి అని మగవాళ్ళు గంటలు గంటలు మాట్లాడతారు. హాల్లో టీవీ గోడకి ఫాల్స్ సీలింగు గురించి పదిమందిని కనుక్కుంటారు. బాత్రూం మాత్రం చివర్లో మెట్లకింద మిగిలిన జాగా. పిల్లలకి నీళ్ళు పోసేది మనం, పెద్దవాళ్ళకి పోసేది మనం, తర్వాత కడిగేదీ మనం. రేపు అరుగుమీద కూర్చుని ఎవరిచేతో పోయించుకునేదీ మనమే. అందుకని ప్లాను గీసే రోజునే మన మాట చెప్పెయ్యాలి. నున్నటి టైల్స్ ముచ్చటపడి అడిగినట్టు, కడ్డీలూ అరుగూ కూడా అంతే గట్టిగా అడగాలి.

మొన్న మేస్త్రీ అరుగు ఇటుకలు పేర్చాడు. కొళాయి గుర్తు నేను చూపిస్తే "ఇంత కిందకాండీ, అమ్మగారూ? చూడ్డానికి బాగోదండి" అన్నాడు. ఇంతలో అత్తయ్యగారు వాకర్ పట్టుకుని మెల్లిగా వచ్చారు. ఇటుకలమీద గోనెపట్టా పరిపించి నెమ్మదిగా కూర్చున్నారు. చేయి చాపి గోడమీద నా గుర్తు తడిమి చూశారు. అందింది. కింద చూసుకుంటే పాదాలు నేలకి పూర్తిగా ఆనట్లేదు.

"ఒరేయ్, ఒక వరస ఇటుక తీసెయ్యి" అన్నారు మేస్త్రీతో. తర్వాత నావైపు చూసి, ఎదురుగా ఖాళీ చోటు చూపించి, "నీ పీట అక్కడ పడుతుందా అమ్మాయ్?" అని అడిగారు.

పీట తెచ్చి వేసి చూపించాను. పట్టింది.

మీరూ ఈ వారంలో ఒక పని చెయ్యండి. మీ బాత్రూంలోకి ఒక కుర్చీ తీసుకెళ్ళి వేసుకుని కూర్చోండి. కొళాయి అందుతోందా, లేవడానికి పట్టుకోవడానికి ఏముంది, పక్కన ఇంకో మనిషికి చోటుందా, తలుపు ఎటు తెరుచుకుంటోంది, ఈ నాలుగూ చూసుకోండి. టబ్బా షవరా అన్నది ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.